చిత్తు కాగితాన్ని ప్లాస్టిక్‌లో ఫిల్లర్‌గా కలపడం: ఏరివేత నుంచి అచ్చు దాకా

కాగితాన్ని చిన్న ముక్కలుగా కోసి ప్లాస్టిక్ గుళికలతో కలిపి ఎక్స్‌ట్రూడర్‌లో (ప్లాస్టిక్‌ను కరిగించి స్క్రూతో తీగలా బయటికి నెట్టే మెషిన్‌లో) పోస్తే జరిగేది దాదాపు ఎప్పుడూ ఒకటే. హాపర్‌లో (సరుకు పోసే గరాటులో) కాగితం గూడు కట్టుకుని కిందికి దిగదు. దిగినా డై (సరుకు బయటికొచ్చే రంధ్రం) దగ్గర బుసబుసమని ఆవిరి వస్తుంది. బయటికొచ్చిన తీగ స్పాంజిలా బొరియలతో, గోధుమ రంగులో, తెల్లటి చుక్కలతో ఉంటుంది. వంచితే పుటుక్కున విరుగుతుంది.

ఈ లోపాలకు చాలామంది మెషిన్ ఉష్ణోగ్రత, స్క్రూ వేగం మారుస్తూ రోజులు గడుపుతారు. నిజానికి వీటిలో ఎక్కువ భాగం మెషిన్ ఆన్ చేయకముందే ఖాయమైపోతాయి. కాగితం పీచు ఒకదాన్నుంచి ఒకటి విడిపోయి ఉండాలి, ఎండి ఉండాలి, ప్లాస్టిక్‌కు దానిమీద పట్టు చిక్కాలి. ఈ మూడూ కుదిరితే ఓ మాదిరి మెషిన్‌లోనూ మంచి సరుకు వస్తుంది. అందుకే ఈ మార్గదర్శిలో సగానికి పైగా తయారీ గురించే ఉంటుంది.

1. ముందు ప్లాస్టిక్‌ను తేల్చుకోండి

కాగితంలో ఉండేది సెల్యులోజ్. 200 డిగ్రీల సెల్సియస్ దాటితే అది రంగు మారుతూ విచ్ఛిన్నం కావడం మొదలవుతుంది. కాబట్టి అంతకంటే తక్కువ వేడిలో కరిగి పారే ప్లాస్టిక్‌లే పనికొస్తాయి.

- ఎల్‌డీపీఈ (తక్కువ సాంద్రత పాలీఎథిలీన్): 105–115 డిగ్రీల దగ్గర కరుగుతుంది. కలపడం సులువు, సరుకు మెత్తగా ఉంటుంది.
- హెచ్‌డీపీఈ (ఎక్కువ సాంద్రత పాలీఎథిలీన్): సుమారు 130 డిగ్రీలు. పలకలు, పట్టీలు, మందపాటి వస్తువులకు బాగుంటుంది.
- పాలీప్రొపిలీన్ (ఇకపై పీపీ): 160–165 డిగ్రీలు. గట్టిదనం కావాలంటే దీన్నే ఎంచుకోండి.
- పెట్ (నీళ్ల సీసాల ప్లాస్టిక్, 250 డిగ్రీల పైన), నైలాన్ 6 (సుమారు 220): వీటి జోలికి వెళ్లొద్దు. అవి కరిగే లోపే కాగితం మాడిపోతుంది.

రీసైకిల్ ప్లాస్టిక్ వాడేటప్పుడు అందులో పీవీసీ ముక్కలు లేకుండా చూడటం ముఖ్యం. వేడికి పీవీసీ నుంచి హైడ్రోక్లోరిక్ ఆమ్లం వెలువడుతుంది. ఆమ్లం సెల్యులోజ్ గొలుసులను తెంపేస్తుంది, సరుకు నల్లబడుతుంది. పెట్ ముక్కలు కలిస్తే అవి కరగకుండా రాళ్లలా మిగిలిపోతాయి.

ఎంత పలచగా పారే గ్రేడ్ కావాలన్నది చేయబోయే వస్తువును బట్టి ఉంటుంది. పీచు కలిపినకొద్దీ కరిగిన ప్లాస్టిక్ చిక్కబడుతుంది. ఇంజెక్షన్ మోల్డింగ్‌కు మామూలుగా వాడే దానికంటే కాస్త పలచగా పారే గ్రేడ్ తీసుకోండి. పీపీ అయితే మెల్ట్ ఫ్లో ఇండెక్స్ (ఎంత పలచగా పారుతుందో చెప్పే కొలత) 10–20 మధ్య ఉంటే పని సాఫీగా సాగుతుంది.

2. ఏ కాగితం ఎలా ప్రవర్తిస్తుంది

అన్ని చిత్తు కాగితాలనూ ఒకే కుప్పలో పోసి కలపడం పెద్ద పొరపాటు. ఒక్కో రకానిది ఒక్కో గుణం.

వార్తాపత్రికలు. ఇవి మొదటి ప్రయోగానికి చక్కగా సరిపోతాయి. ఖనిజాల పొడి తక్కువ, పీచు మధ్య బంధం బలహీనం, పొడిగానే సులువుగా విడిపోతాయి. అయితే వీటి పీచులో లిగ్నిన్ (కలపలో పీచును పట్టి ఉంచే పదార్థం) మిగిలి ఉంటుంది గనుక వేడికి త్వరగా రంగు మారతాయి. సిరా వల్ల సరుకు బూడిదరంగులోకి వస్తుంది. లేత రంగు వస్తువు కావాలంటే వీటితో కుదరదు.

అట్టపెట్టెలు. పీచు పొడవైనది, బలమైనది. కానీ పొరల మధ్య స్టార్చ్ జిగురు, పైన టేపు, అంటించిన లేబుళ్లు ఉంటాయి. విప్పడానికి ఎక్కువ శ్రమ పడుతుంది. ఆ శ్రమకు తగిన బలం మాత్రం వస్తుంది.

ఆఫీసు కాగితం. తెల్లగా ఉంటుంది, పీచు శుభ్రమైనది. కానీ బరువులో సుమారు 15–25 శాతం కాల్షియం కార్బొనేట్, అంటే సుద్ద. మీరు 3 కిలోల కాగితం కలిపామనుకుంటే అందులో పీచు 2.4 కిలోలే ఉండొచ్చు.

మెరుపు కాగితం. పైపూతలోని కయోలిన్ (తెల్ల బంకమట్టి), సుద్ద కలిసి బరువులో మూడో వంతు దాకా ఉండొచ్చు. దీంతో చేసిన సరుకు పీచు కలిపినదానిలా కాక ఖనిజం నింపినదానిలా ప్రవర్తిస్తుంది. దాన్ని తెలిసే వాడితే ఇబ్బంది లేదు. తెలియక వాడితే బలం ఎందుకు రాలేదో అర్థం కాదు.

పక్కన పెట్టాల్సినవి. బిల్లుల థర్మల్ కాగితం (పైపూతలో బిస్‌ఫినాల్ తరహా రసాయనాలు ఉంటాయి), తడిలోనూ చిరగకుండా చేసిన టవల్ కాగితం, మైనం పూసినది, నూనె పట్టినది, అల్యూమినియం రేకు అతికించినది.

ఏ రకం తీసుకున్నా బూడిద శాతం ఒకసారి చూసుకోండి. ఆరబెట్టిన 2 గ్రాముల కాగితాన్ని మూసలో పెట్టి 525 డిగ్రీల ఫర్నేస్‌లో నల్లటి మసి పూర్తిగా పోయేదాకా కాల్చి, మిగిలినది తూచండి. 0.4 గ్రాములు మిగిలితే 20 శాతం ఖనిజం ఉన్నట్టు. ఆ వేడికి సుద్ద విచ్ఛిన్నం కాదు గనుక లెక్క నమ్మదగినదే.

ఇంకో మాట. ముద్రణ సిరాలోని ఖనిజ నూనెలు బయటికి పాకుతాయి. ఏ రకం చిత్తు కాగితంతో చేసినా ఆ వస్తువును తినే పదార్థాలకు తగిలేలా వాడకండి.

3. ఏరివేత

ఇది విసుగు పుట్టించే పని. అయినా చేతితోనే చేయాలి.

- పిన్నులు, క్లిప్పులు, స్ప్రింగులు తీసేయాలి. కోత యంత్రం తర్వాత అయస్కాంతం మీదుగా ఇంకోసారి పంపాలి.
- కవర్లకున్న ప్లాస్టిక్ కిటికీలు, టేపులు చింపేయాలి.
- పుస్తకాల వెన్ను దగ్గరున్న జిగురు పట్టీని కత్తిరించి పారేయాలి. ఈ జిగురు మరలో వేడెక్కి పీచును ఉండలు చేస్తుంది.
- తడిసి బూజు పట్టిన కాగితం వద్దు. పీచు బలం తగ్గి ఉంటుంది, వాసనా పోదు.

4. పీచు విప్పడం

ఎక్కువ మంది తప్పు చేసేది ఈ దశలోనే. కాగితాన్ని 3 మిల్లీమీటర్ల ముక్కలుగా కోసినంత మాత్రాన పని అయిపోదు. ఆ ముక్కలో వేల పీచులు హైడ్రోజన్ బంధాలతో ఒకదానికొకటి గట్టిగా అతుక్కుని ఉంటాయి. కరిగిన ప్లాస్టిక్ చిక్కగా ఉంటుంది, అది ముక్క లోపలికి చొరబడలేదు. ముక్క ముక్కలాగే మిగిలి, అచ్చులో తెల్లటి చుక్కగా తేలుతుంది. బరువు పడ్డప్పుడు పగులు మొదలయ్యేది ఆ చుక్క దగ్గరే.

క్రమం ఇది:

1. ష్రెడర్‌లో 10–20 మిల్లీమీటర్ల ముక్కలు చేయండి.
2. హ్యామర్ మిల్లులో (సుత్తులతో కొట్టి నలిపే మరలో) 6 మిల్లీమీటర్ల జల్లెడతో ఒకసారి ఆడించండి.
3. జల్లెడ మార్చి 2–3 మిల్లీమీటర్లతో రెండోసారి ఆడించండి.
4. వచ్చిన దూదిలాంటి పీచును జల్లించి, విడిపోని రేకులను మళ్లీ మిల్లుకు పంపండి.

సరిగా విప్పామో లేదో తెలుసుకునే తేలికైన పద్ధతి ఒకటుంది. ఒక చిటికెడు తీసి వెలుతురులో పరిచి చూడండి. ఏ రేకు మీదైనా అచ్చు అక్షరం కనబడిందంటే అది ఇంకా కాగితమే, పీచు కాలేదు. అక్షరాలన్నీ పోయి, బూడిదరంగు దూదిలా కనిపించాలి.

దీనికి వ్యతిరేకపు తప్పు కూడా ఉంది. 0.5 మిల్లీమీటర్ల జల్లెడతో గంటలకొద్దీ ఆడించి పిండి చేస్తే చుక్కలు పోతాయి గాని పీచు కూడా పోతుంది. పొడుగ్గా ఉన్న పీచే ప్లాస్టిక్‌కు బలాన్నిస్తుంది. నుసి ఊరికే చోటు నింపుతుంది. వస్తువు బరువు మోయనక్కర్లేదు, చవకగా నిండితే చాలు అనుకుంటే నుసి పర్వాలేదు. అదీ ముందే నిర్ణయించుకోవాలి.

నీళ్లలో నానబెట్టి గుజ్జు చేస్తే? నీళ్లలో పీచు అద్భుతంగా విడిపోతుంది, నిజమే. ఇబ్బంది ఆరబెట్టేటప్పుడు వస్తుంది. నీరు ఆవిరవుతుంటే పీచులు దగ్గరికి లాక్కుని, మళ్లీ బంధాలు కట్టుకుని, గట్టి అట్టలా తయారవుతాయి. ఆ అట్టను మళ్లీ మిల్లులో కొట్టక తప్పదు. సిరానో జిగురునో కడగాల్సిన అవసరం ఉంటే తప్ప పొడి పద్ధతే మేలు.

ధూళి జాగ్రత్త. గాలిలో తేలే కాగితపు ధూళి నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. మిల్లుకు, గొట్టాలకు, ధూళి సంచికి ఎర్తింగ్ ఉండాలి. మిల్లుకు ముందు అయస్కాంతం ఉండాలి. పిన్ను సుత్తికి తగిలితే రవ్వ లేస్తుంది. దూలాల మీద, దీపాల మీద పేరుకున్న నుసిని గాలి కొట్టి ఎగరేయకుండా వాక్యూమ్‌తో తీయండి. మాస్కు తప్పనిసరి.

5. ఆరబెట్టడం

చేత్తో పట్టుకుంటే పొడిగా అనిపించే కాగితంలోనూ మామూలుగా 5–8 శాతం నీరుంటుంది. అది ఎంత చెరుపు చేస్తుందో లెక్క వేసి చూడండి. 10 కిలోల మిశ్రమంలో 3 కిలోల కాగితం, అందులో 6 శాతం తేమ అంటే 180 గ్రాముల నీరు. 190 డిగ్రీల దగ్గర అది సుమారు 380 లీటర్ల ఆవిరి అవుతుంది. మొత్తం సరుకు ఘనపరిమాణం 10 లీటర్లే! ఆ ఆవిరి బారెల్ (స్క్రూ తిరిగే గొట్టం) లోపల ఇరుక్కుంటే స్పాంజి కాక మరేం వస్తుంది?

ఆవిరి బొరియలతోనే ఆగదు. ప్లాస్టిక్‌కూ పీచుకూ పట్టు కలిపే రసాయనాన్ని కూడా తేమ దెబ్బతీస్తుంది.

తుది తేమ 1 శాతం లోపు ఉండాలి. 0.5 శాతం దాకా తేగలిగితే ఇంకా మంచిది.

1. గాలి తిరిగే ఓవెన్‌ను 105 డిగ్రీలకు పెట్టండి.
2. ట్రేలలో పీచును 2–3 సెంటీమీటర్ల మందం మించకుండా పరచండి. పీచు మంచి ఉష్ణ నిరోధకం. మందంగా పోస్తే పైది ఆరుతుంది, అడుగుది తడిగానే ఉంటుంది.
3. గంటకోసారి కలియబెట్టండి. 6–8 గంటలు పడుతుంది.
4. వేడిగా ఉండగానే మందపాటి ప్లాస్టిక్ సంచుల్లో నింపి మూతి బిగించండి.

తేమ కొలవడానికి 10 గ్రాములు తూచి, 105 డిగ్రీల దగ్గర బరువు ఇక తగ్గదనేదాకా ఉంచి మళ్లీ తూచండి. 9.92 గ్రాములు వచ్చిందంటే తేమ 0.8 శాతం. తూచే గిన్నెకు మూత ఉండాలి; వేడి పీచు తూకం వేస్తుండగానే గాలిలోని చెమ్మను లాగేసుకుంటుంది.

రాత్రి ఆరబెట్టి, తెల్లవార్లూ తెరిచిన ట్రేలలో వదిలేసి, పొద్దున మెషిన్‌లో పోసేవాళ్లు చాలామంది. ఆ పీచు అప్పటికి మొదటికొచ్చి ఉంటుంది. సంచి విప్పిన గంటలోపు వాడేయండి.

6. పట్టు రసాయనం, తూకాలు

సెల్యులోజ్‌కు నీరంటే ఇష్టం, పీపీకి పడదు. రెండింటినీ కలిపి ఊరుకుంటే కరిగిన ప్లాస్టిక్ పీచు చుట్టూ తొడుగులా గట్టిపడుతుంది గాని అతుక్కోదు. లాగితే పీచు ఒరలోంచి కత్తిలా జారిపోతుంది. ఈ రెంటినీ కలిపేది మెలాయిక్ ఎన్‌హైడ్రైడ్ అతికించిన ప్లాస్టిక్. దాని ఒక కొస సెల్యులోజ్‌తో ఎస్టర్ బంధం కడుతుంది, మరో కొస కరిగిన ప్లాస్టిక్‌లో కలిసిపోతుంది.

పీపీకి పీపీ ఆధారిత రకం, హెచ్‌డీపీఈకి పాలీఎథిలీన్ ఆధారిత రకం కొనండి. ఒకదానికి ఒకటి వేస్తే డబ్బు దండగ.

10 కిలోల మిశ్రమానికి మొదటిసారి వాడదగిన తూకం:

- ఆరిన కాగితం పీచు: 3,000 గ్రాములు
- పీపీ: 6,670 గ్రాములు
- మెలాయిక్ రకం పీపీ: 200 గ్రాములు
- ఈబీఎస్ మైనం (జారుడు కోసం): 100 గ్రాములు
- యాంటీఆక్సిడెంట్ (వేడికి ప్లాస్టిక్ పాడవకుండా): 30 గ్రాములు

పీచు బరువు ఆరిన తర్వాతి లెక్కన. 6 శాతం తేమ ఉన్న కాగితం అయితే ఆరబెట్టకముందు కనీసం 3,200 గ్రాములు తీసుకోవాలి.

జారుడు పదార్థంగా జింక్ స్టియరేట్, కాల్షియం స్టియరేట్ వేయకండి. ప్లాస్టిక్ పనిలో ఇవి అందరికీ అలవాటే. కానీ వీటిలోని లోహం మెలాయిక్ భాగంతో చర్య జరిపి దాన్ని పీచుకు దక్కకుండా చేస్తుంది. పట్టు రసాయనం వేసినా బలం పెరగలేదని వాపోయేవారి జాబితాలో ఈ తెల్లపొడి చాలాసార్లు కనిపిస్తుంది.

30 శాతంతో మొదలుపెట్టండి. అది చేయి తిరిగాక 40కి వెళ్లండి, పట్టు రసాయనాన్ని 3 శాతానికి పెంచండి. 50 దాటితే పీచులు ఒకదానికొకటి తగిలి, నీరు లోపలిదాకా పాకడానికి దారి ఏర్పడుతుంది. ఆరుబయట వాడే వస్తువుకు అంత వద్దు.

7. హాపర్‌లో గూడు కట్టకుండా

ఒక లీటరు డబ్బా నిండా విప్పిన పీచు పోస్తే 30–60 గ్రాములే తూగుతుంది. అదే డబ్బాలో పీపీ గుళికలు 500 గ్రాములకు పైనే. పై తూకం ప్రకారం పీపీ 13 లీటర్ల చోటు తీసుకుంటే పీచు దాదాపు 60 లీటర్లు తీసుకుంటుంది. రెండూ ఒకే హాపర్‌లో పోస్తే గుళికలు అడుక్కి జారతాయి, పీచు పైన తేలుతుంది. స్క్రూకు ఒకసారి అంతా ప్లాస్టిక్, ఇంకోసారి అంతా పీచు.

దారులు మూడు.

దట్టం చేయడం. పీచు మీద నీళ్లు చిలకరించి తేమను 12–15 శాతానికి తెచ్చి, దాణా గుళికలు చేసే చదును డై యంత్రంలో 4–6 మిల్లీమీటర్ల గుళికలు చేయాలి. తర్వాత మళ్లీ 105 డిగ్రీల దగ్గర ఆరబెట్టాలి, ఇవి దూదికంటే నెమ్మదిగా ఆరతాయి. గుళిక వేళ్ల మధ్య నలిపితే విడిపోవాలి. రాయిలా ఉంటే ఎక్స్‌ట్రూడర్‌లోనూ విడిపోదు. నాలుగో దశలో పడ్డ శ్రమంతా వృథా.

వేగపు మిక్సర్. పీచును, పొడి చేసిన ప్లాస్టిక్‌ను వేగంగా తిరిగే మిక్సర్‌లో వేస్తే రాపిడికి వేడెక్కి, ప్లాస్టిక్ మెత్తబడి పీచును పట్టుకుని చిన్న ఉండలవుతుంది. మిగిలిన తేమ కూడా ఆవిరైపోతుంది, దానికి బయటికి దారి ఉంచండి. ఉండలు కట్టగానే చల్లార్చే మిక్సర్‌లోకి దించాలి, అర నిమిషం ఏమరినా మాడుతుంది.

పక్క ఫీడర్. ట్విన్ స్క్రూ (రెండు స్క్రూల ఎక్స్‌ట్రూడర్) ఉన్నవాళ్లు పీచును పక్కనుంచి, నొక్కి పంపే స్క్రూతో ఇవ్వొచ్చు.

8. కరిగించి కలపడం

ఏ మెషిన్ అయినా వరుస ఒకటే: ముందు ప్లాస్టిక్ పూర్తిగా కరగాలి, తర్వాతే పీచు. కరగని గుళికల మధ్య పీచు పడితే తిరగలిలో పడ్డట్టే; ముక్కలైపోతుంది, రాపిడికి మాడుతుంది.

8.1 మూత ఉన్న బ్యాచ్ మిక్సర్. గది 70 శాతం నిండాలి. 1 లీటరు గదికి, 30 శాతం పీచు మిశ్రమమైతే సుమారు 720 గ్రాములు.

- గది ఉష్ణోగ్రత 175–180 డిగ్రీలు, వేగం నిమిషానికి 50–60 చుట్లు.
- పీపీ వేసి 2 నిమిషాలు.
- పట్టు రసాయనం, యాంటీఆక్సిడెంట్, మైనం వేసి 1 నిమిషం.
- పీచును నాలుగు దఫాలుగా, 3 నిమిషాల్లో.
- తర్వాత 4 నిమిషాలు, లేదా టార్క్ (తిప్పడానికి పట్టే బలం) గీత చదునయ్యేదాకా.
- సరుకు ఉష్ణోగ్రత 195 దాటితే వేగం తగ్గించండి. రాపిడి వేడి గది సెట్టింగ్‌ను లెక్కచేయదు.

బయటికి తీసిన వేడి ముద్దను కుప్పగా వదలకూడదు. ముద్ద నడిమి వేడి గంటసేపు పోదు, లోపల కుమ్ములా రగిలే ప్రమాదం ఉంది. వెంటనే 5–8 మిల్లీమీటర్ల పలకగా నొక్కి చల్లార్చండి.

8.2 ట్విన్ స్క్రూ. ఫీడ్ దగ్గర 150, కరిగించే చోట 185, పీచు కలిశాక 175–180, డై దగ్గర 180. వేగం 150–250 చుట్లు. పీచు పడే చోటుకు పక్కనే గాలి పోయే రంధ్రం ఉండాలి, ఎందుకంటే దూది తనతోపాటు బోలెడు గాలిని మోసుకొస్తుంది. చివరి మూడో వంతులో వాక్యూమ్ రంధ్రం. వెడల్పాటి నీడింగ్ బ్లాకులు (స్క్రూ మీద సరుకును పిసికే బిళ్లలు) పీచును నరుకుతాయి. సన్నవి విడదీసి పరుస్తాయి. సన్నవే వాడండి. డై రంధ్రాలు 3–4 మిల్లీమీటర్లు, సన్నటి జాలీ తీసేయండి, లేకపోతే పూడుకుపోతుంది.

సింగిల్ స్క్రూ ఒక్కటే ఉంటే, ముందు వేగపు మిక్సర్‌లో ఉండలు చేసి, రెండుసార్లు ఆడించక తప్పదు.

ఆపేటప్పుడు. పీచు కలిసిన సరుకును బారెల్‌లో ఉంచి భోజనానికి వెళ్లకండి. పది నిమిషాల్లో కమురు వాసన, తర్వాత నల్లటి పెచ్చులు, వాయువుల ఒత్తిడి. పీచు ఆపి, శుద్ధ పీపీ తెల్లగా వచ్చేదాకా నడిపి, అప్పుడు ఆపండి.

9. గుళికలు, నిల్వ

తీగను పొడవాటి నీటి తొట్టిలో ముంచితే దానిలోకి నీరెక్కుతుంది. గాలితో చల్లార్చే బెల్టు మంచిది. నీరే దిక్కయితే తొట్టి పొట్టిగా ఉంచి, గాలి కత్తితో (వేగంగా వీచే సన్నటి గాలి పొరతో) తుడిచి కోయండి. గుళికలు తేమ చొరని సంచుల్లో ఉంచండి.

10. అచ్చు పోయడం

పోసే ముందు గుళికలను మళ్లీ ఆరబెట్టాలి: పీపీ ఆధారితమైతే 100 డిగ్రీల దగ్గర 4 గంటలు, హెచ్‌డీపీఈ అయితే 90, ఎల్‌డీపీఈ అయితే 75 మించకుండా ఇంకాస్త ఎక్కువసేపు.

- బారెల్ 170–190 డిగ్రీలు, అచ్చు 40–60 డిగ్రీలు.
- స్క్రూ నెమ్మదిగా, బ్యాక్ ప్రెషర్ (స్క్రూ వెనక్కి జరుగుతుంటే దానికి ఎదురుగా పెట్టే ఒత్తిడి) వీలైనంత తక్కువ.
- గేటు (సరుకు అచ్చులోకి దూరే ద్వారం) వెడల్పుగా. సూది గేటు దగ్గర రాపిడికి సరుకు మాడి, గోధుమ రంగు చారలొస్తాయి.
- గాలి పోయే గాట్లు అచ్చులో అదనంగా ఉండాలి.
- శుద్ధ పీపీకి చేసిన అచ్చులో ఇది పోస్తే వస్తువు కాస్త పెద్దదిగా వస్తుంది, ఎందుకంటే కుంచింపు తగ్గుతుంది. బిగుతుగా అమరాల్సిన భాగాలను ముందే సరిచూసుకోండి.

గేటు దగ్గరి తుక్కును పొడి చేసి 20 శాతం దాకా కొత్త సరుకులో కలపవచ్చు. ప్రతి సారీ పీచు పొట్టిదవుతుంది, రంగు ముదురుతుంది, కాబట్టి ఒకే తుక్కును మళ్లీ మళ్లీ తిప్పకండి.

11. సరుకును పరీక్షించడం

పొర పరీక్ష. ఒక గుళికను 180 డిగ్రీల పలకల మధ్య పల్చగా నొక్కి దీపానికి అడ్డంగా పట్టండి. తెల్లటి చుక్కలు కనిపిస్తే పీచు విడిపోలేదు. రోజుకు ఒక్కసారైనా చేయండి, రెండు నిమిషాల పని.

మునక పరీక్ష. సెల్యులోజ్ సాంద్రత 1.5, పీపీది 0.905 అనుకుంటే 30 శాతం పీచు మిశ్రమానికి 1.03 రావాలి. సబ్బు చుక్క కలిపిన నీళ్లలో ముక్క మునగాలి. తేలిందంటే లోపల 3 శాతానికి మించి బొరియలున్నాయి.

విరుపు పరీక్ష. ముక్కను విరిచి, విరిగిన ముఖాన్ని మైక్రోస్కోపులో చూడండి. పొడవాటి పీచులు నున్నగా బయటికి పొడుచుకొచ్చి, పక్కన వాటి గుంటలు కనిపిస్తే పట్టు లేదు. పీచు ముఖంతో సమానంగా తెగి ఉంటే పట్టు కుదిరింది.

నీటి పరీక్ష. ఆరిన ముక్కను తూచి, 24 గంటలు నానబెట్టి, తుడిచి మళ్లీ తూచండి. మందపాటి ముక్కల్లో నీరు వారాలపాటు ఎక్కుతూనే ఉంటుంది, కాబట్టి ఒక్కరోజు అంకె చూసి సంబరపడకండి. ఆరుబయటి వస్తువుకు నెలైనా నానబెట్టి చూడాలి.

ఒకటి ముందే మనసులో పెట్టుకోండి. పీచు కలిపితే గట్టిదనం రెట్టింపు దాకా పెరుగుతుంది. సాగే గుణం మాత్రం బాగా పడిపోతుంది. వంగాల్సిన గొళ్లేలు, మడత కీళ్లు, ఎత్తునుంచి పడే వస్తువులకు ఇది తగదు.

12. లోపం, కారణం, సవరణ

వెండి చారలు, బుడగలు. అదే గుళికలను ఇంకో 4 గంటలు ఆరబెట్టి పోయండి. పోతే కారణం తేమ. పోకుండా కమురు వాసన కూడా ఉంటే కారణం వేడి. 10 డిగ్రీలు తగ్గించి, స్క్రూ వేగం తగ్గించండి.

గట్టిదనం పెరిగింది, బలం పెరగలేదు. పట్టు కుదరలేదన్నమాట. స్టియరేట్ పడిందేమో, పట్టు రసాయనం రకం తప్పిందేమో, పీచు తడిగా ఉందేమో, ఈ వరుసలో చూడండి.

ముక్కముక్కకూ బరువు తేడా. ఫీడింగ్ నిలకడగా లేదు. ఏడో దశకు వెళ్లండి. స్క్రూ వేగం మార్చి ప్రయోజనం లేదు.

నల్లటి చుక్కలు. బారెల్ మూలల్లో పాత సరుకు పెచ్చులు కట్టింది. శుద్ధ ప్లాస్టిక్‌తో తోమండి, డై విప్పి గీకండి.

బూడిదరంగు బ్యాచ్‌కో తీరుగా. కాగితం రకాలు కలిసిపోయాయి. వేర్వేరుగా నిల్వ చేసి నిష్పత్తి ప్రకారం కలపండి, లేదా ముదురు రంగు మాస్టర్‌బ్యాచ్ (గాఢంగా రంగు కలిపిన ప్లాస్టిక్ గుళికలు) 2 శాతం వేయండి. ఎండలో ఉండే వస్తువుకు కార్బన్ బ్లాక్ వేస్తే రంగు తేడా కప్పడమే కాక ఎండ దెబ్బ కూడా తగ్గుతుంది.

కోసిన అంచు దగ్గర ఉబ్బు. అచ్చులో పోసిన వస్తువు ఉపరితలం మీద పలచటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. రంపంతో కోస్తే పీచు కొసలు బయటపడి నీరు పీలుస్తాయి. కోసిన అంచులకు, మేకు రంధ్రాలకు రంగో సీలెంటో పూయండి.